ఆలస్యంగా వచ్చిన వేడి

తెలుగు పండితుడికి తీగల గొడవ ఎందుకని మిత్రులు అడుగవచ్చును. కారణం చెప్పి మొదలుపెడతాను.

యల్లాప్రగడ సుబ్బారావుగారి మీద ఒక వ్యాసం వ్రాయాలని చాలాకాలంగా సంకల్పం. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్ళి, అక్కడే 1948లో కన్నుమూసిన ఆ మహనీయుని గురించి మనవాళ్ళు వ్రాసినవి చదువుతూ ఉంటే ఒకటి రెండు చోట్ల ఒక వాక్యం నా కాలికి అడ్డు తగిలింది. ఆయన కనుగొన్న ఫాస్ఫోక్రియాటిన్ వలన, అప్పటికే నోబెల్ బహుమానం అందుకున్న ఒక సిద్ధాంతం కూలిపోయినదని దాని సారాంశం. వ్రాసినవారు అంతటితో ఆగిపోయారు. ఏమిటా సిద్ధాంతం? అది ఎవరిది? కూలినప్పుడు ఆ పెద్దమనిషి ఏమన్నాడు? ఈ మూడు ప్రశ్నల వెంట పోయినవాణ్ణి సుబ్బారావుగారిని దారిలోనే వదిలేసి, లండనులో ఒక కప్ప కాలి కండరం కింద పరచిన సన్నని తీగల వరుస దగ్గర తేలాను. ఆ వ్యాసం ఇంకా వ్రాయలేదు. దానికి బదులు ఇది.

తీగల సంగతి నాకు పూర్తిగా కొత్త కాదు. నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు మాష్టారి గదీ నా తరగతీ పక్కపక్కనే. మధ్యలో ఉన్నది సగం గోడే. నేను ఇటు ప్రహ్లాద చరిత్ర చెబుతుంటే అటు గంట గ్లాసులు మోగేవి. ఒకనాడు ఆయన ఒక ఇనుప తీగ కొసనూ ఒక రాగి తీగ కొసనూ మెలివేసి, మిగిలిన రెండు కొసలనూ గాల్వనామీటరుకు తగిలించి, మెలి కింద సారాదీపం పెట్టారు. సూది కదిలింది. పిల్లలు హో అన్నారు. నేనూ పాఠం ఆపి గోడ మీదుగా చూశాను. దీపం అలాగే ఉంచగా ఉంచగా సూది ఒకచోట ఆగి, మెల్లగా వెనుకకు రాసాగింది. పిల్లలు నవ్వారు, యంత్రం చెడిపోయిందని. ఆయన నవ్వలేదు. "చెడలేదురా, ఇది దాని స్వభావం" అని ఊరుకున్నారు. ఆ స్వభావమేమిటో అప్పుడు నేను అడుగలేదు. విరామంలో టీ తాగుతూ, రెండు లోహాల ఆ మెలికను ఉష్ణయుగ్మం అంటారనీ, ఇంగ్లీషులో థర్మోకపుల్ అనీ చెప్పారు. యుగ్మమనే మాట నాకు నచ్చింది. జంటగా ఉంటేనే దానికి అర్థం. ఒంటి తీగను ఎంత కాల్చినా ప్రయోజనం లేదు.

ఈ జంటను లోకానికి చూపినవాడు థామస్ యోహాన్ సీబెక్. 1770లో బాల్టిక్ తీరాన, నేడు టాలిన్ అనే ఊళ్ళో పుట్టాడు. వైద్యం చదివి, అది మాని, కాంతి, రంగుల పరిశోధనలో పడ్డాడు. రంగుల విషయంలో జర్మన్ మహాకవి గ్యోతేకు సహాయకుడు. 1821లో బెర్లినులో రెండు వేర్వేరు లోహాలను వలయంగా కలిపి, ఒక అతుకును వేడి చేస్తే ఆ వలయం దగ్గర ఉంచిన దిక్సూచి ముల్లు పక్కకు తిరగడం చూశాడు. ముల్లు తిరిగింది గనుక ఇది అయస్కాంతశక్తి అని నిశ్చయించుకున్నాడు. వేడి వలన లోహంలో విద్యుత్తు పారుతున్నదనీ, ముల్లును తిప్పేది ఆ విద్యుత్తేననీ తోటివారు చెప్పినా ఒప్పుకోలేదు. ఉష్ణవిద్యుత్తు అని అర్థమిచ్చే పేరు దానికి పెట్టినవాడు డెన్మార్కు పండితుడు ఎర్‌స్టెడ్. సీబెక్ చూసినది సత్యం, దానికి ఆయన చెప్పిన భాష్యం తప్పు. ఈ కథలో ఇలాంటిది ఇంకొకటి రాబోతున్నది.

రెండేళ్ళకే, 1823లో, కేంబ్రిడ్జిలో కమ్మింగ్ అనే ఆచార్యుడు మా సైన్సు మాష్టారి సూది రహస్యాన్ని కనిపెట్టాడు. కొన్ని లోహాల జంటలలో వేడి పెరిగేకొద్దీ విద్యుత్తు పెరిగి, ఒక హద్దు దాటాక తగ్గుముఖం పట్టి, ఇంకా వేడి చేస్తే ఎదురు తిరుగుతుంది. రాగి-ఇనుము జంట అందుకు పెట్టింది పేరు. 1826లో ఓమ్ తన ప్రసిద్ధ సూత్రాన్ని సాధించినది కూడా బిస్మతు-రాగి జంట సహాయంతోనే. ఒక అతుకు మరిగే నీటిలో, మరొకటి మంచులో. అప్పటి రసాయన బ్యాటరీలు గడియకొక తీరుగా ఉండేవి. మంచు, మరిగే నీరు మాట తప్పవు గదా.

ఈ జంట ఇచ్చే విద్యుత్తు చాలా స్వల్పం. రాగి, కాన్‌స్టాంటన్ అనే రాగి-నికెలు మిశ్రమం, ఈ రెంటినీ కలిపితే ఒక డిగ్రీ తేడాకు వచ్చేది సుమారు 40 మైక్రోవోల్టులు, అంటే వోల్టును పదిలక్షల భాగాలు చేస్తే అందులో నలభై. అందుచేత ఇటలీలో నోబిలి, ఆయన తరువాత మెల్లోని, 1830 ప్రాంతంలో ఒక ఉపాయం చేశారు. బిస్మతు, ఆంటిమొనీ కడ్డీలను ఒకదాని తరువాత ఒకటిగా దండ గుచ్చి, బేసి అతుకులన్నీ ఒక వైపుకూ సరి అతుకులన్నీ మరొక వైపుకూ వచ్చేటట్లు పేర్చారు. ఒక వైపు వేడి తగిలితే అన్ని జంటల విద్యుత్పీడనం కూడుతుంది. దీనిని ఇంగ్లీషులో థర్మోపైల్ అన్నారు. నేను ఉష్ణమాల అంటాను, ఎవరూ కోప్పడకపోతే. ఆంటిమొనీ అంటే మన నీలాంజనపు రాతిలో ఉండే లోహమే. కాటుక రాయి ఇలాంటి పనికి కూడా వస్తుందని మన అమ్మమ్మలకు తెలియదు.

దూరం నుంచి వచ్చే వేడిని పట్టడానికి ఆ మాల చాలును. ప్రాణి శరీరంలోని వేడిని, అదీ క్షణంలో పుట్టి పోయే వేడిని కొలవాలంటే మాత్రం కథ మారుతుంది. పసిపిల్లకు పాలు పట్టేటప్పుడు చూడండి. ఉగ్గుగిన్నె చల్లగా, బరువుగా ఉండి పాలు రెండు చెంచాలే అయితే, పొయ్యి మీది నుంచి వేడిగా తీసిన పాలు గిన్నెలో పడగానే చల్లబడతాయి. పాల వేడి కొంత గిన్నె తాగింది. కొలిచే సాధనం సంగతీ అంతే. కొలవబోయే వస్తువు కంటె సాధనం పెద్దదైతే అది చెప్పేది తన వేడినే. అందువలన సాధనం చిన్నదిగా, తేలికగా ఉండాలి. అయితే తీగ సన్నబడినకొద్దీ దాని నిరోధం పెరిగి గాల్వనామీటరుకు చేరే విద్యుత్తు తగ్గుతుంది. నిరోధం తగ్గాలని లావు తీగ పెడితే అతుకు దగ్గరి వేడి ఆ తీగ వెంటే పారిపోతుంది. జంటల సంఖ్య పెంచితే పీడనం పెరుగుతుంది గాని బరువూ పెరుగుతుంది. తడి కండరం తగిలి విద్యుత్తు దారి తప్పకుండా తీగలకు పైపూత వేయాలి. ఆ పూతను దాటడానికి వేడికి కాలం పడుతుంది, పూత మందం రెట్టింపైతే ఆలస్యం నాలుగు రెట్లు. ఒకటి సవరిస్తే మరొకటి చెడుతుంది. యతి కుదిరితే ప్రాస చెడే పద్యం వ్రాసినవారికి ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

1835లో పారిస్‌లో బెకెరెల్, బ్రెషే అనే ఇద్దరు ఈ జంటను సూదిగా చేసి మనిషి చేతి కండలోనే గుచ్చారు. కండ బిగించినప్పుడు అక్కడి వేడి పెరిగినట్లు తేలింది. అయితే నెత్తురు ప్రసరించే కండ అది. వేడి నెత్తురు తెచ్చినదా, కండలోనే పుట్టినదా? ఆ సందేహం తీర్చినవాడు హెల్మ్‌హోల్ట్స్. ప్రష్యా సైన్యంలో వైద్యుడుగా ఉంటూ, 1847లో శక్తి నిత్యత్వ సిద్ధాంతాన్ని ప్రకటించినవాడు. ప్రాణికి వేరే జీవశక్తి ఉన్నదని, అది భౌతిక నియమాలకు లోబడదని నమ్మేవారు అప్పటికి చాలామంది. కండరం పని చేసినప్పుడు వేడి లెక్క తేలకపోతే ఆయన సిద్ధాంతానికి ప్రాణుల విషయంలో ఆధారం ఉండదు. అందుచేత కప్ప తొడను వేరు చేసి, నెత్తురు రాక లేకుండా చేసి, ఇనుము, జర్మన్ సిల్వరు జంటలను మూడింటిని అందులో దూర్చాడు. పేరులో వెండి ఉన్నా అందులో వెండి లేదు, రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమం అది. కండరాన్ని విద్యుత్తుతో రెండు మూడు నిమిషాలు బిగిసి ఉండేటట్లు చేస్తే 0.14 నుంచి 0.18 డిగ్రీల వరకు వేడి పెరిగింది. 1848లో దీన్ని ప్రకటించాడు. వేడి కండలోనే పుడుతున్నది. నాడి విషయంలోనూ ప్రయత్నించాడు, అక్కడ ఏ వేడీ కనబడలేదు.

ఈ "కనబడలేదు" దగ్గర కొంచెం ఆగుతాను, ఇది నా సొంత పొలం కనుక. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధి అనేదాన్ని ఆరవ ప్రమాణంగా అంగీకరించారు. నేల మీద కుండ లేదని మనకు ఎలా తెలిసింది? కనబడలేదు కనుక. అయితే చీకట్లో కనబడకపోతే లేదని చెప్పరాదు. పిశాచం కనబడలేదు కనుక ఈ గదిలో పిశాచం లేదని తర్కించరాదు, అది కనబడదగిన వస్తువు కాదు. ఉండి ఉంటే కనబడి తీరవలసినది కనబడనప్పుడే దాని అభావం సిద్ధిస్తుంది. దీన్ని యోగ్యానుపలబ్ధి అన్నారు. విద్యార్థిగా ఉన్న రోజుల్లో దీన్ని వల్లె వేశానే గాని దీనివల్ల లోకానికేమి ఉపయోగమో తెలియలేదు. నాడిలో వేడి ఉన్నదా లేదా అనే వివాదం నూరేళ్ళకు పైగా నడచినది సరిగ్గా ఈ యోగ్యత మీదనే. హెల్మ్‌హోల్ట్స్ తీగకు ఆ యోగ్యత లేదు.

యోగ్యత పెంచే పని వేరే వేరే చోట్ల, ఒకరి కోసం ఒకరు కాకుండా జరిగింది. వాలస్టన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుడు 1813లో ప్లాటినం తీగను వెండి గొట్టంలో పోతపోసి, ఆ రెంటినీ కలిపి సాగదీసి, చివరకు పైనున్న వెండిని నత్రికామ్లంలో కరగించివేసి, కంటికి ఆనని ప్లాటినం తీగను మిగిల్చాడు. మన కంసాలులు తీగను కమ్మచ్చులో రంధ్రం తరువాత రంధ్రంగా లాగుతారే, ఆ పనే, వెండి చొక్కా తొడిగి చేసినది. 1887లో బాయ్స్ అనే ఆయన పలుగురాయిని కరగించి, దాని కొసను బాణానికి అంటించి, విల్లుతో కొట్టాడు. బాణం గది చివరకు పోయేలోపల దాని వెనుక సాలెపోగు కంటె సన్నని పలుగురాతి దారం సాగింది. ఆ దారానికి ఒక రాగి తీగ ఉంగరాన్ని, దాని కొసన బిస్మతు-ఆంటిమొనీల అతి చిన్న జంటను వేలాడదీసి, అయస్కాంతపు కొనల మధ్య ఉంచాడు. కొలిచే జంట, కదిలే సూది రెండూ ఒకటే అయినవి. బయటి తీగలు లేవు, వాటి నిరోధమూ లేదు. మైలు దూరాన ఉన్న కొవ్వొత్తి వేడిని కూడా అది పట్టేదని ప్రసిద్ధి. నక్షత్రాల వేడి మాత్రం దానికి అందలేదు. బాయ్స్ విల్లు పుచ్చుకొని నిలబడిన దృశ్యం తలచుకుంటే నాకు ముచ్చటగా ఉంటుంది.

ఇక మన కథానాయకుడు. ఆర్చిబాల్డ్ వివియన్ హిల్ 1886లో బ్రిస్టల్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో గణితం చదివి 1907 పరీక్షలో మూడవ స్థానం తెచ్చుకున్నాడు. గణితం మీద మనసు నిలువక, గురువు ఫ్లెచర్ ప్రోత్సాహంతో శరీరశాస్త్రంలోకి వచ్చాడు. ఆ ఫ్లెచర్, హాప్‌కిన్స్ కలిసి 1907లోనే, అలసిన కండరంలో లాక్టిక్ ఆమ్లం చేరుతుందని, ప్రాణవాయువు తగిలితే అది తగ్గుతుందని చూపి ఉన్నారు. హిల్ ఆ కండరంలో వేడి ఎప్పుడు, ఎంత పుడుతున్నదో చూడాలనుకున్నాడు. అందుకోసం 1911 ప్రాంతంలో జర్మనీలోని ట్యూబింగెన్ వెళ్ళి, బ్యూర్కర్ దగ్గర ఉష్ణమాల కట్టడం, పాషెన్ దగ్గర గాల్వనామీటరు చేయడం నేర్చుకున్నాడు. గణితంలో మూడవవాడు తీగలు అతకడం నేర్చుకోవడానికి దేశం దాటాడన్నమాట. మన దగ్గర అయితే అది మేస్త్రీ పని అని పక్కన పెట్టేవారు. నా మటుకు నేను చేతిపనికి మార్కులు వేయని బడుల్లోనే జీవితమంతా గడిపాను.

కప్ప తొడ లోపలి వైపున సార్టోరియస్ అనే పలుచని, పట్టీ వంటి కండరం ఉంటుంది. దాన్ని మాల మీద పరచవచ్చును, తీగను లోపలికి గుచ్చి గాయం చేయనక్కరలేదు. ఒక్కసారి విద్యుత్తు తగిలిస్తే అది చటుక్కున ముడుచుకుంటుంది. అప్పుడు పెరిగే వేడి డిగ్రీలో వెయ్యవ వంతులు మూడు, అటూ ఇటూగా. ముడుచుకొని సడలడం సెకనులోపే అయిపోతుంది. అందరూ అనుకున్నది వేడి కూడా అంతటితో అయిపోతుందని. హిల్ తీగలు చెప్పినది వేరు. 1912, 1913 సంవత్సరాల ప్రయోగాలలో, కండరం సడలి మామూలుగా పడి ఉన్న తరువాత కూడా నిమిషాల తరబడి వేడి వస్తూనే ఉన్నది. మొదట వచ్చినంత వేడి మళ్ళీ వస్తున్నది, అదీ ప్రాణవాయువు ఉంటేనే. నత్రజనిలో ఉంచితే మొదటి వేడి వస్తుంది, రెండవ వేడి రాదు. అంటే కండరం పని ముందు అప్పు మీద జరిగిపోతున్నది, అప్పు తీర్చడం తరువాత, గాలి తగిలినప్పుడు. ఆలస్యంగా వచ్చిన ఆ వేడి అప్పు తీర్చే వేడి.

అది నిజంగా కండరపు ఆలస్యమేనా, సాధనపు ఆలస్యమా? ఈ ప్రశ్న ఆయనను వదలలేదు. మాల పూత దాటి వేడి రావాలి, గాల్వనామీటరు కదలాలి, ఇవన్నీ కాలం తీసుకునేవే. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత విలియం హార్ట్రీ అనే గణితజ్ఞుడు ఆయనతో కలిశాడు. ఇద్దరూ చేసిన ఉపాయం ఇది. ప్రయోగం అయిన తరువాత అదే కండరాన్ని చంపి, అదే మాల మీద అలాగే ఉంచి, తెలిసినంత వేడిని విద్యుత్తుతో ఒక్క క్షణం ఇచ్చారు. ఆ వేడికి సూది ఎలా లేచి ఎలా దిగినదో ఫొటో కాగితం మీద గీత తీశారు. చచ్చిన కండరంలో ఆలస్యం ఏదైనా కనబడితే అది సాధనానిదే. ఇక బతికిన కండరపు గీతను తీసుకొని, అది ఇలాంటి చిన్న చిన్న క్షణపు వేడిముక్కలు ఎన్ని, ఎప్పుడెప్పుడు కలిస్తే ఏర్పడుతుందో చేతితో లెక్క కట్టారు. 1920లో ఆ లెక్క వెలువడింది. కంప్యూటరు లేని రోజుల్లో పేజీల కొద్దీ కూడికలు, తీసివేతలు. సాధనం చెప్పే అబద్ధాన్ని ముందు సాధనం చేతనే చెప్పించి, దాన్ని లెక్కలోంచి తీసివేయడం నాకు ఈ కథలోకెల్లా అందమైన ఘట్టం.

మాల కట్టే విద్యలోనూ మెరుగు వచ్చింది. రెండు లోహాల కొసలను టంకం వేసి అతికితే ఎంత సన్నని తీగలైనా అతుకు దగ్గర బొడిపె మిగులుతుంది, బొడిపె అంటే బరువు, బరువు అంటే ఆలస్యం. 1920ల తరువాత వచ్చిన పద్ధతిలో అతుకే లేదు. ఒకే కాన్‌స్టాంటన్ తీగను పలుచని చట్రానికి, చీటీకి దారం చుట్టినట్లు, దగ్గర దగ్గరగా చుట్టుతారు. ప్రతి చుట్టులో సగం మేరకు వెండిపూత పూస్తారు, విద్యుత్తుతో పోత పోసినట్లు. వెండి విద్యుత్తును బాగా మోస్తుంది గనుక పూత ఉన్న సగం వెండి తీగ వలె ప్రవర్తిస్తుంది. పూత మొదలయ్యే గీతే అతుకు, అది ముగిసే గీత మరొక అతుకు. బొడిపె లేదు, టంకం లేదు. కొద్దిపాటి జాగాలో పదుల కొద్దీ, వందల కొద్దీ జంటలు అమరుతాయి. నూరు జంటలున్న మాలకు డిగ్రీలో పదిలక్షలవ వంతు తేడా తగిలితే వచ్చేది నాలుగు నానోవోల్టులు, అంటే వోల్టులో వందకోట్ల వంతులు నాలుగు. దాన్ని చూడగలిగిన గాల్వనామీటర్లను, మాలలను హిల్ కోసం డౌనింగ్ అనే నిపుణుడు లండను యూనివర్సిటీ కాలేజీలో తయారుచేశాడు. హిల్ పేరు తెలిసినవారిలో డౌనింగ్ పేరు తెలిసినవారు తక్కువ.

1922వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమానాన్ని, 1923లో ప్రకటించి, హిల్‌కూ జర్మనీకి చెందిన మేయర్‌హాఫ్‌కూ పంచి ఇచ్చారు. హిల్‌కు కండరంలో వేడి పుట్టే తీరును కనుగొన్నందుకు, మేయర్‌హాఫ్‌కు ప్రాణవాయువు వినియోగానికీ లాక్టిక్ ఆమ్లానికీ ఉన్న సంబంధం తేల్చినందుకు. ఇద్దరి పనీ కలిపితే ఒక చక్కని కథ కుదిరింది. గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లమే కండరాన్ని ముడుస్తుంది, అదే మొదటి వేడి. తరువాత ప్రాణవాయువుతో ఆ ఆమ్లంలో కొంత కాలి, మిగిలినది తిరిగి గ్లైకోజన్ అవుతుంది, అది ఆలస్యపు వేడి. పాఠ్యపుస్తకాలలోకి ఎక్కింది. నేను మొదట చెప్పిన సిద్ధాంతం ఇదే.

ఇప్పుడు మన సుబ్బారావుగారు. హార్వర్డు వైద్య కళాశాలలో ఫిస్కే దగ్గర పనిచేస్తూ, జీవద్రవ్యాలలో భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ద్రవం నీలంగా మారుతుంది, ఎంత నీలమో అంత భాస్వరం. ఆ పద్ధతి జీవరసాయన శాలల్లో ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పేరుతోనే చెలామణి అవుతున్నది. కండరపు రసంలో దాన్ని వాడితే ఒక విచిత్రం కనబడింది. నీలిరంగు వెంటనే రావలసినంత రాలేదు, కొంతసేపు ఆగి మెల్లగా ముదిరింది. మరొకరైతే రసాయనం పాతబడిందని పారబోసేవారేమో. ఏదో ఒక సున్నితమైన పదార్థం ఆమ్లంలో విరిగి, భాస్వరాన్ని ఆలస్యంగా విడుస్తున్నదని వీరు గ్రహించారు. 1927లో దాన్ని ఫాస్ఫోక్రియాటిన్‌గా గుర్తించారు. అదే సంవత్సరం ఎగుల్టన్ దంపతులు కూడా ఆ పదార్థాన్ని వేరుగా పట్టుకున్నారు. వారు పనిచేసినది హిల్ ఉన్న యూనివర్సిటీ కాలేజీలోనే. అక్కడ ఆలస్యపు వేడి, ఇక్కడ ఆలస్యపు రంగు. ఈ పోలిక నేను కల్పించినది కాదు, ఉన్నదే.

1930లో కోపెన్‌హేగెన్‌లో లుండ్స్‌గార్డ్ కండరానికి ఒక విషం పట్టించి, లాక్టిక్ ఆమ్లం ఏ మాత్రం పుట్టకుండా చేశాడు. అయినా కండరం కొంతకాలం ముడుచుకుంటూనే ఉన్నది, ఫాస్ఫోక్రియాటిన్ తరుగుతూ వచ్చింది. ఆమ్లమే కండరాన్ని నడిపిస్తుందన్న మాట అంతటితో చెల్లిపోయింది. హిల్ 1932లో ఒక పెద్ద సమీక్షావ్యాసం వ్రాశాడు. దాని పేరుకు తెలుగు చేస్తే "కండర శరీరశాస్త్రంలో విప్లవం" అవుతుంది. తన బహుమానానికి ఆధారమైన కథ పడిపోయిన సంగతిని తానే, ఆ పేరు పెట్టి, అందరికీ చెప్పాడు. నా మూడవ ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. పడిపోయినది కథ. తీగలు కొలిచిన వేడి మాత్రం చెక్కుచెదరలేదు. ఆ మొదటి వేడీ, ఆలస్యపు వేడీ ఈనాటి పుస్తకాలలోనూ ఉన్నాయి, వాటి కింద వ్రాసిన కారణం మారింది. సుబ్బారావుగారికి నోబెల్ రాలేదని మనవాళ్ళు బాధపడడం న్యాయమే. అయితే ఆయన ఎవరినో ఓడించారని చెప్పుకోవడంలో నాకు రుచి కనబడటం లేదు. హిల్ కొలతలు లేకపోతే ఫాస్ఫోక్రియాటిన్ జవాబు చెప్పవలసిన ప్రశ్నే ఉండేది కాదు.

హిల్ మన దేశానికి కూడా వచ్చాడు. 1943 చివర వచ్చి, 1944లో కొన్ని నెలలు ఉండి, భారతదేశంలో శాస్త్ర పరిశోధన ఎలా ఉండాలో ఒక నివేదిక వ్రాశాడు. దేశానికంతకూ ఒక పెద్ద వైద్య విద్యాపీఠం కావాలని చెప్పినవారిలో ఆయన ఒకడు. ఆ సంగతి విస్తరించడానికి ఇది చోటు కాదు.

నాడి సంగతి బాకీ ఉన్నది. 1912లో హిల్ కూడా నాడిని కొలిచి, స్పందన పోయేటప్పుడు వేడి మార్పు లేదనే వ్రాశాడు, వ్యాసం పేరులోనే అభావం ఉన్నది. కొందరు దాని ఆధారంగా, నాడిలో స్పందన కేవలం భౌతిక తరంగమనీ, రసాయనమేమీ ఖర్చు కాదనీ తీర్మానించుకున్నారు. పద్నాలుగేళ్ళ తరువాత, 1926లో, డౌనింగ్, అమెరికా నుంచి వచ్చిన గెరార్డ్, హిల్ కలిసి కొత్త మాలలతో అదే కప్ప నాడిని మళ్ళీ కొలిచారు. వేడి ఉన్నది. స్పందన సమయంలో కొద్దిగా, ఆ తరువాత నిమిషాల తరబడి ఎక్కువగా. తన "లేదు"ను తానే తుడిచివేశాడు.

అక్కడితో తృప్తి లేదు. ఒక్క స్పందన పోయేటప్పుడు లోపల ఏమి జరుగుతున్నదో చూడాలంటే ఇంకా త్వరగా పలికే మాల కావాలి. లేదా నాడినే నెమ్మదింపజేయాలి. 1958లో ఆబట్, హిల్, హోవర్త్ ఈ రెండో దారి కూడా పట్టారు. సముద్రపు పీత కాలి నాడిని తీసుకున్నారు. దానిలోని పోగులు కొవ్వు తొడుగు లేనివి, అతి సన్ననివి. పోగులు సన్నబడినకొద్దీ అదే బరువులో పైపొర విస్తీర్ణం ఎక్కువ, వేడీ ఎక్కువ. ఆ నాడిని సున్న డిగ్రీలకు చల్లబరచి కొలిచారు. స్పందన రాగానే డిగ్రీలో పదిలక్షలవ వంతులు పదికి లోపు వేడి పుట్టింది. వెంటనే అందులో ఎక్కువ భాగం తిరిగి లోపలికి పీల్చుకోబడింది. పుట్టిన వేడి మాయం కావడమేమిటని అప్పటినుంచి చర్చ సాగింది. నాటికి హిల్ వయసు 72. ఉద్యోగ విరమణ చేసి కొన్నేళ్ళయింది.

తరువాత 1977లో తీగలకు బదులు శూన్యంలో ఆవిరి చేసి పట్టించిన ఆంటిమొనీ, బిస్మతు పొరలతో కుందేలు గుండె కండరానికి మాలలు కట్టారు. 1986లో సూది మొన మీదనే ఒక జంటను కట్టి, వస్తువు పైతలాన్ని ఆ మొనతో తడుముతూ వేడి పటం గీసే యంత్రం చేశారు. మళ్ళీ అవే లోహాలు, మళ్ళీ సీబెక్ చూసిన అదే జంట. హిల్ ఆ పొరల మాలలు వచ్చిన 1977లోనే, తొంభయ్యేళ్ళ వయసులో కన్నుమూశాడు.

సుబ్బారావుగారి వ్యాసం వచ్చే నెల.